పెట్టె మీద అజీత్, లోపల న్యాట్: నేను కట్టిన ప్లాస్టిక్ విమానం కత

ముందే చెప్పేస్తా, ఐదు స్టార్లకి మూడు ఇస్తున్నా. ఆ మూడింట్లో కిట్‌కి వచ్చేది ఒకటే, మిగిలిన రెండూ మా మామవి. ఎందుకనేది చదువుతాపోతే మీకే తెలుస్తుంది. కొంచెం పొడుగే రాసినా, ఏమనుకోవద్దండి, ఈ అనంతపురం ఎండకి సాయంత్రం ఐదు దాకా బయట కాలు పెట్టలేక ఇంట్లో కూర్చుని టైప్ చేస్తున్నా.

వస్తువు ఏమంటే 1:72 స్కేల్ ప్లాస్టిక్ మోడల్ కిట్, అంటే అసలు విమానంలో 72వ వంతు సైజు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో హెచ్ఏఎల్ అజీత్ అని ఉంది, అంటే మన ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్ఏఎల్ కట్టిన ఫైటర్ జెట్, కింద బొమ్మలో పచ్చ బూడిద రంగుల చిన్న జెట్ ఒకటి కొండల మధ్యలో రాకెట్లు వదులుతా ఉంది. ఆ బొమ్మ చూసే పడిపోయినా నేను. ధర 1,650, కొరియర్ ఇంకో 120. కంపెనీ పేరు, అమ్మిన అంగడి పేరు రెండూ రాయను, ఆ అంగడాయన ఫోన్లో బాగానే మాట్లాడినాడు, తయారుచేసినోళ్ళ తప్పుకి ఆయన్ని బజారుకీడ్చడం నాకిష్టంలేదు. బెంగళూరు నుంచి మన ఊరికి బస్సులో నాలుగైదు గంటల దారి, ఈ పార్సిల్‌కి మాత్రం ఆరు రోజులు పట్టింది, చివరికి సప్తగిరి సర్కిల్ దగ్గర నిలబడి ఆ అబ్బాయి "అన్నా మీ ఇల్లు యాడ" అని మూడుసార్లు ఫోన్ చేస్తే నేనే బండేసుకుని పోయి తెచ్చుకున్నా. సరే, అది వదిలేద్దాం.

పెట్టె తెరిస్తే రెండు స్ప్రూలు (ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేములు), ఒక చిన్న అద్దం ముక్క, డెకాల్స్ (నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తులు) షీటు, మడత పెట్టిన కాగితం ఒకటి. మొత్తం ముప్పై చిల్లర ముక్కలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి తక్కువ ముక్కలు ఉండడం మంచిదే. ప్లాస్టిక్ కొంచెం మెత్తన, ముక్కల అంచులకి ఫ్లాష్, అంటే అచ్చు సందుల్లోంచి పొంగిన పల్చని ప్లాస్టిక్, శానా ఉంది, ప్రతిదీ బ్లేడుతో గీకాల్సిందే. పాత అచ్చు అని చూడగానే తెలిసిపోతుంది. ఇంతవరకు ఏమీ అనుకోలేదు నేను, పాత అచ్చులు నాకు అలవాటే.

మా మామ, అంటే మా అమ్మకి అన్న, 1977లో ఎయిర్‌ఫోర్స్‌లో చేరినాడు, ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరు, అంటే విమానం ఒళ్ళు, రెక్కలు చూసి బాగుచేసే పని, ఇరవై ఏండ్లు చేసి వచ్చేసినాడు. అందులో శానా ఏండ్లు అజీత్ స్క్వాడ్రన్‌లోనే. రామ్‌నగర్‌లో ఉంటాడు, పొద్దున్నే వాకింగ్ అని బయల్దేరి మా ఇంట్లో వచ్చి కాఫీ తాగి పేపరు చదివి పోతాడు. ఆయనకి సర్‌ప్రైజ్ ఇద్దామనే ఈ కిట్ తెప్పించినా. పెట్టె చూపిస్తే ముఖం వెలిగిపోయింది, కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసినాడు. స్ప్రూ చేతికి తీసుకుని మొట్టమొదట రెక్క ముక్కని తిరగేసి అడుగు వైపు చూసినాడు. పైన ఎట్లుందో చూడలేదు. అడుగు మీద వేలు పెట్టి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు రాసినాడు, తర్వాత నా వైపు తిరిగి "అల్లుడూ, ఇది అజీత్ అని ఎవరు చెప్పినారు నీకు?" అన్నాడు.

పెట్టె మీద ఉంది కదా మామా అన్నా.

"పెట్టె మీద ఏమైనా రాస్తారు. రెక్క కింద పైలాన్లు యాడున్నాయి? నాలుగుండాల. ఇది న్యాట్."

ఇదండీ అసలు కంప్లయింటు. పైలాన్లంటే రెక్క కింద బాంబులు, రాకెట్లు తగిలించే ముక్కలు, న్యాట్ అంటే అజీత్‌కి ముందరి విమానం, దాన్ని మార్చి చేసిందే అజీత్. లోపల ఉన్నది న్యాట్ అచ్చు, దానికి అజీత్ డెకాల్స్ కలిపి కొత్త పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. పెట్టె బొమ్మలో రాకెట్ పాడ్లు ఉన్నాయి, లోపల ఒక్కటీ లేదు, రెక్కకి ఆనించి పెట్టే రెండు పెట్రోలు ట్యాంకులు మాత్రం ఇచ్చినారు. తెలియనోళ్ళకి రెండూ ఒకటేలే అనిపిస్తుంది, నాకూ అట్లనే అనిపించింది, ఏముందిలే మామా కొంచెమే కదా తేడా అంటే ఆయనకి కోపమొచ్చేసింది. ఆ కొంచెం తేడా కోసమే అజీత్‌ని తయారుచేసినారు, అది తీసేస్తే ఇంకేం మిగుల్తుంది అన్నాడు.

దానికితోడు ఆ మడత కాగితం. ముందర వైపు కట్టే పద్ధతి, వెనక వైపు ఒక పేరా చరిత్ర. ఆ పేరాలో రెండు ఘోరాలు ఉన్నాయి. ఒకటి, అజీత్ 1971 యుద్ధంలో పాకిస్తాన్ సేబర్ విమానాలని కూల్చిందట. రెండు, బ్రిటిష్ వాళ్ళ ఎయిర్‌ఫోర్స్‌లో ఇది ముఖ్యమైన ఫైటరుగా పనిచేసిందట. మామ పెద్దగా చదివి వినిపించమన్నాడు, చదివినా, నవ్వలేదు, కాగితం మడిచి నా చేతిలో పెట్టి "1971లో అజీత్ యాడుందిరా, అది గాల్లోకి లేచిందే 1975లో" అన్నాడు. నేను ఫోన్లో వెతికి చూస్తే నిజమే, మొదటి ప్రోటోటైప్ 1975 మార్చి 5న ఎగిరింది, ఫ్యాక్టరీలో కొత్తగా కట్టిన మొదటిది 1976 సెప్టెంబర్ 30న. యుద్ధం అయిపోయి అప్పటికి ఐదేండ్లు.

రివ్యూ అంటే గమ్ము అంటుకుందా లేదా రాసి వదిలేయొచ్చు, కానీ పెట్టెలో తప్పు చరిత్ర పెట్టి పిల్లోళ్ళకి అమ్ముతుంటే అది కూడా వస్తువులో లోపమే కదా. అందుకే ఆ కాగితంలో ఉండాల్సింది ఏందో నేనే రాస్తా, ఈ కిట్ కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ పేరా కొట్టేసి ఇది చదువుకోండి.

న్యాట్ అనేది ఇంగ్లండ్‌లో ఫాలండ్ అనే చిన్న కంపెనీ చేసింది. డిజైన్ చేసినాయన టెడ్డీ పెటర్, అంతకుముందు క్యాన్‌బెర్రా బాంబర్ గీసింది కూడా ఈయనే. ఫైటర్లు రానురానూ బరువైపోతున్నాయి, ఖర్చు ఎక్కువైపోతుంది, చిన్నగా తేలిగ్గా చౌకగా చేస్తే ఎక్కువ కట్టొచ్చు అనేది ఆయన ఆలోచన. 1955 జూలై 18న ఎగిరింది. ఆ తర్వాత కొన్నేండ్లకి ఈ పెద్దమనిషి విమానాలన్నీ వదిలేసి స్విట్జర్లాండ్‌లో ఏదో మత సమాజంలో చేరిపోయినాడు, అది ఇక్కడికి సంబంధం లేదు గానీ నాకు భలే విచిత్రం అనిపించింది.

ఇప్పుడు అసలు మజా. బ్రిటిష్ వాళ్ళకి పాత వెనమ్ అనే విమానం బదులు నేల మీద దాడి చేసేది ఒకటి కావాల్సి వచ్చింది. 1958లో న్యాట్‌నీ, హంటర్ అనే ఇంకో ఫైటర్‌నీ పక్కపక్కన పెట్టి పరీక్షలు పెట్టినారు, హంటర్ గెలిచింది, న్యాట్ ఫెయిల్. చిన్నది కదా, బాంబులు మోసేది తక్కువ, దూరం పోయేది తక్కువ. ఒక సీటు న్యాట్‌ని వాళ్ళు తమ స్క్వాడ్రన్లలోకి తీసుకోనేలేదు. రెండు సీట్ల ట్రైనర్ మాత్రం తీసుకున్నారు, ఎర్ర రంగు వేసి రెడ్ యారోస్ అని విన్యాసాలు చేసేది 1965 నుంచి 1979 దాకా అదే. అంటే ఆ కాగితంలో రాసిన బ్రిటిష్ ముక్క పూర్తిగా అబద్ధం. ఒక సీటు దాన్ని నిజంగా తీసుకున్నది మూడు దేశాలు, ఫిన్లాండ్ 13, యుగోస్లావియా పరీక్షకి 2, మిగతాదంతా మనమే. 1956లో ఒప్పందం, తర్వాత బెంగళూరు హెచ్ఏఎల్‌లోనే కట్టుకున్నాం, 1974 దాకా కడతానే ఉన్నాం.

న్యాట్ పేరు మోగింది 1965లో. సెప్టెంబర్ 3న 23వ స్క్వాడ్రన్‌కి చెందిన ట్రెవర్ కీలర్ ఒక సేబర్‌ని కొట్టినాడు, వీర చక్ర వచ్చింది. పాకిస్తాన్ వాళ్ళు మాత్రం ఆ సేబర్ దెబ్బలు తిన్నా ఇంటికి చేరింది అంటారు, ఇట్లాంటి లెక్కలు రెండువైపులా ఎప్పుడూ కలవవు. ఇంకో పక్కన అదే రోజు మన న్యాట్ ఒకటి, సికంద్ అనే ఆఫీసర్‌ది, పాకిస్తాన్‌లో పస్రూర్ దగ్గర వాళ్ళ పాత రన్‌వే మీద దిగిపోయింది, విమానాన్ని వాళ్ళు పట్టుకున్నారు, అది ఇప్పటికీ కరాచీలో వాళ్ళ మ్యూజియంలో ఉంది. ఆ కాలంలో న్యాట్ తుపాకులు మధ్యలో జామ్ అయ్యేవి, హైడ్రాలిక్స్ మొరాయించేవి, తోక కంట్రోలు పైలట్లని భయపెట్టేది. న్యాట్‌ని సేబర్ స్లేయర్, అంటే సేబర్లని చంపేది, అని గొప్పగా రాసేవాళ్ళు ఇవన్నీ రాయరు.

1971లో తూర్పు పాకిస్తాన్ సరిహద్దులో బోయ్‌రా దగ్గర నవంబర్ 22న, అంటే యుద్ధం ప్రకటించక ముందే, కలకత్తా డమ్‌డమ్ నుంచి లేచిన 22వ స్క్వాడ్రన్ నాలుగు న్యాట్లు, మూడు సేబర్లతో తగులుకున్నాయి, రెండు కూలినాయి, ఒకటి దెబ్బతిని వెనక్కి పోయింది. కూలినవాటిలో ఒకదాన్లోంచి దూకి మనకి దొరికిన పైలట్ పర్వేజ్ మెహదీ ఖురేషీ తర్వాత కాలంలో వాళ్ళ ఎయిర్‌ఫోర్స్‌కే చీఫ్ అయినాడు. డిసెంబర్ 14న శ్రీనగర్‌లో నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్, 18వ స్క్వాడ్రన్, ఆరు సేబర్లు ఎయిర్‌ఫీల్డ్ మీద పడితే బాంబులు పడుతున్న రన్‌వే మీదనుంచే లేచి ఒక్కడే ఎదుర్కొని ప్రాణం ఇచ్చినాడు. ఎయిర్‌ఫోర్స్‌లో పరమవీర చక్ర వచ్చింది ఇప్పటికీ ఆయనొక్కరికే. సేఖోన్ ఎక్కింది న్యాట్. అజీత్ కాదు. మామ ఈ మాట చెప్పేటప్పుడు కప్పు కింద పెట్టి చెప్పినాడు.

సేబర్ పైలట్లకి న్యాట్ కనపడేది కాదట, ఎందుకంటే సేబర్ రెక్కల వెడల్పు 11 మీటర్ల పైన, దీనిది 6.73 మీటర్లే. అజీత్ కూడా అంతే వెడల్పు, పొడుగు 9 మీటర్లు. మన పల్లెవెలుగు బస్సు పక్కన నిలబెడితే బస్సే పొడుగు. 1:72లో కడితే పన్నెండున్నర సెంటీమీటర్లు, నా అరచేతిలో పట్టేసింది. అదొక్కటి ఈ కిట్‌లో కరెక్టుగా ఉంది, స్కేలు పెట్టి కొలిచినా.

ఇంక అజీత్ దగ్గరికొస్తే. యుద్ధాల్లో తేలిన లోపాలన్నీ సరిచేసి, నేల మీద దాడికి పనికొచ్చేటట్టు చేయాలని 1970ల మొదట్లో అనుకున్నారు. మామ దీన్ని నాకు డైనింగ్ టేబుల్ మీద చూపించినాడు, దోసె గరిటెని రెక్క అనుకో అన్నాడు. న్యాట్‌కి ఇంధనం మొత్తం ఒంట్లో ఉండేది, దూరం పోవాలంటే రెక్క కింద ట్యాంకులు తగిలించాలి, ట్యాంకులు తగిలిస్తే బాంబు పెట్టే చోటు పాయె. అందుకని అజీత్‌లో ఏం చేసినారంటే రెక్కనే ట్యాంకు చేసేసినారు. లోపల అతుకులన్నీ సీలెంట్ వేసి మూసేసి రెక్కలోకే ఇంధనం పోస్తారు, అప్పుడు కింద నాలుగు చోట్లూ ఆయుధాలకి ఖాళీ. 68 మిల్లీమీటర్ల రాకెట్ల పాడ్లు, బాంబులు పెట్టుకోవచ్చు, పక్కల గాలి దారుల దగ్గర రెండు 30 మిల్లీమీటర్ల ఏడెన్ తుపాకులు ఎట్లాగూ ఉన్నాయి. హైడ్రాలిక్స్ మార్చినారు, తోక కంట్రోలు మార్చినారు, ఎజెక్షన్ సీటు మెరుగైంది పెట్టినారు. ఇంజిన్ ఆర్ఫియస్ 701, మన ట్రైనర్ విమానం కిరణ్ మార్క్ 2లో కూడా అదే. ఆ కుటుంబం ఇంజినే ఇటలీ వాళ్ళ ఫియట్ జీ91లో ఉంటుంది, అది కూడా ఇదే పనికి, చిన్నగా తేలిగ్గా నేల మీద దాడి చేసేది, పోర్చుగల్ వాళ్ళు దాన్ని ఆఫ్రికాలో గినీ, మొజాంబిక్‌లలో ఏండ్ల తరబడి వాడినారు. అంటే పెటర్ ఆలోచన ఒక్క మనకే పట్టిన పిచ్చి కాదు. కాకపోతే 1958లో నేల దాడి పరీక్షలో ఫెయిలైన విమానాన్ని తీసుకొచ్చి మనం ఇరవై ఏండ్ల తర్వాత అదే సబ్జెక్టులో పాస్ చేయించుకున్నాం, ఇది నాకు బాగా నచ్చింది.

రెక్క ట్యాంకు చేయడం డిజైన్ చేసినోళ్ళకి సులభం, మాకు కాదు అన్నాడు మామ. సీలెంట్ యాడన్నా వదిలితే రెక్క కింద తడి మెరుస్తా కనపడేది, కొత్తగా వచ్చిన కుర్రోళ్ళు పైన చూసి బాగుంది సార్ అనేవాళ్ళంట, పాత ఫిట్టరు మాత్రం కిందికి దూరి వేలు పెట్టి రాసి వాసన చూసేవాడంట. కిరసనాయిలు వాసన వస్తే రెక్క, ఎర్రగా జిడ్డుగా ఉంటే హైడ్రాలిక్ నూనె. అప్పుడు అర్థమైంది నాకు స్ప్రూ తీసుకోగానే ఆయన రెక్క ఎందుకు తిరగేసినాడో. నలభై ఏండ్ల అలవాటు, ప్లాస్టిక్ ముక్క కూడా వదల్లేదు.

నిచ్చెనలు గొడవ లేదంట దానికి, అన్నీ నేల మీద నిలబడే అందేవి, కానీ విమానం పొట్ట నేలకి అంత దగ్గర ఉంటే కింద పనిచేసేవాళ్ళ నడుములు ఏమైతాయి. "నా నడుం నొప్పి హెచ్ఏఎల్ వాళ్ళ పుణ్యమే" అని మా అత్త దగ్గర ఇప్పటికీ అంటాడు.

లెక్కకొస్తే కొత్తగా కట్టినవి 79, పాత న్యాట్లని మార్చినవి 10. 1982లో రెండు సీట్ల ట్రైనర్ కూడా ఎగిరింది, పెద్దగా కట్టలేదు. 1991లో ఆఖరి స్క్వాడ్రన్ కూడా వదిలేసింది, అది 2వ స్క్వాడ్రన్. మొదలైంది 1977 అనుకుంటే పద్నాలుగేండ్లు, ఆ పద్నాలుగేండ్లలో ఒక్క యుద్ధం కూడా రాలేదు. పొద్దున్నే లేచి ఫైరింగ్ రేంజ్‌కి పోయి రాకెట్లు కొట్టి రావడం, కిందోళ్ళు మళ్ళీ నింపడం, మళ్ళీ పోవడం, అంతే. యుద్ధం రాలేదని ఎవరన్నా బాధపడతారా, మామ అయితే దాన్ని మంచి రికార్డు కిందే చెప్తాడు. కానీ యుద్ధం లేకపోతే సినిమా లేదు, పుస్తకం లేదు, కిట్ కంపెనీలకి కథ లేదు, అందుకే వాళ్ళు న్యాట్ కథ తీసుకొచ్చి అజీత్‌కి తొడిగేసినారు, సేఖోన్ పేరు కూడా వాడుకుంటారు ఇంకొన్నాళ్ళు పోతే. ఐదు స్టార్లలో ఒక స్టారు తెగింది ఇక్కడే.

సరే, కట్టడం సంగతి. సీటు, పైలట్ బొమ్మ మొదట పెట్టాలి. సీటు అంటే ఒక చెక్క పీట మాదిరి ముక్క, ఎజెక్షన్ సీటు అని మనమే అనుకోవాల. ఒంటి రెండు సగాలు అతికిస్తే వెనకవైపు అర మిల్లీమీటరు సందు, పుట్టీ పెట్టి రెండుసార్లు ఉప్పుకాగితం కొట్టినా. మే నెలలో మన ఊర్లో ట్యూబ్ గమ్ము పెట్టి ముక్క చూసుకునే లోపల గమ్ము పైన పొర కట్టేస్తుంది, రంగు బ్రష్ మీదే ఎండిపోతుంది, ఫ్యాన్ వేస్తే దుమ్ము, ఆపితే చెమట కిట్ మీద పడుతుంది. పొద్దున ఐదున్నర నుంచి ఏడు వరకే పని. మీరూ ఎండాకాలంలో అయితే అదే టైంకి పెట్టుకోండి.

ముక్కులో బరువు పెట్టమని కాగితంలో రాయలేదు. ఎండినాక చక్రాల మీద నిలబెడితే టక్కుమని తోక మీద కూర్చుంది. అప్పటికే ముక్కు మూసేసినా. మామ మళ్ళీ కోసేయ్ అన్నాడు, కోసి, సైకిల్ అంగడిలో పది రూపాయలకి బేరింగ్ గుండ్లు తెచ్చి ఏడు వేసి గమ్ముతో బిగించినాం, ఇప్పుడు నిలబడింది. చక్రాల తలుపుల విషయంలో ఒక మంచి ముక్క చెప్పినాడు, ఈ విమానానికి వేరేగా ఎయిర్‌బ్రేకు లేదు, చక్రాలని సగం దింపితే ఆ తలుపులే గాలికి అడ్డం పడి బ్రేకు పనిచేస్తాయి, అందుకే తలుపులు అంత మందంగా ఉంటాయి. కిట్‌లో అవి పాపం కాగితం మాదిరి ఉన్నాయి.

అద్దం గురించి జాగ్రత్త. నిజం విమానంలో కూడా ముందరద్దం, పైకప్పు అద్దం కలిసి ఒకే ముక్క, కిట్‌లో కూడా ఒకటే ముక్క ఇచ్చినారు, బాగుంది, తేటగా ఉంది. తొందరపడి సూపర్ గ్లూ వాడొద్దు, దాని ఆవిరికి అద్దం లోపల తెల్లగా మసక పట్టేస్తుంది, నాది ఒక మూల అట్లనే పోయింది. ఫెవికాల్ చాలు.

డెకాల్స్ దగ్గర సగం తప్పు కిట్‌ది, సగం నాది. మన జెండా రంగుల గుండ్రం ఉంది కదా, బయట పచ్చ, మధ్యలో తెలుపు, నడిమి కాషాయం. వాళ్ళు కాషాయం బదులు టమోటా రంగు వేసినారు, పైగా ఆ చుక్క నడిమిన కాకుండా పక్కకి జరిగి ఉంది, ఆరు గుండ్రాల్లో రెండే సరిగ్గా వచ్చినాయి. నా తప్పు ఏందంటే బోరు నీళ్ళలో నానబెట్టినా. మన బోరు నీళ్ళ సంగతి తెలుసు కదా, బకెట్ అడుగున తెల్లగా పేరుకునే బాపతు. పొద్దున చూస్తే గుర్తు చుట్టూ తెల్లగా ఉప్పు గీత. క్యాన్ వాటర్ వాడండి, అదే ఇరవై రూపాయల క్యాన్, గ్లాసుడు తీసుకుంటే చాలు.

ఇంక పైలాన్లు. లేవు కాబట్టి మేమే చేసినాం. గడువైపోయిన ఏటీఎం కార్డు కత్తిరించి రెండు పొరలు అతికిస్తే మందం సరిపోయింది, నాలుగు ముక్కలు. నేను ఊరికే సమంగా దూరం పెట్టి అతికించబోతే మామ ఆపేసి, కళ్ళు మూసుకుని కొంచెంసేపు చేత్తో గాల్లో ఏదో తడిమినాడు, తర్వాత పెన్సిల్ తీసుకుని రెక్క అడుగున నాలుగు చుక్కలు పెట్టినాడు. సరిగ్గా ఉన్నాయా అంటే "రోజూ తల తగిలించుకున్న చోటు ఎట్ల మర్చిపోతా" అన్నాడు. లోపల రెండు పైలాన్లకి అగ్గిపుల్లలు చెక్కి రాకెట్ పాడ్లు చేసినాం, బయటవి ఖాళీ వదిలేసినాం. కిట్‌తో వచ్చిన ఆ రెండు ట్యాంకులు డబ్బాలో పడేసినా, ఎవరికన్నా న్యాట్ కట్టుకోవడానికి కావాలంటే ఇస్తా.

రంగు వేయడానికి మూడు రోజులు. పైన ముదురు పచ్చ, బూడిద రంగు, కింద లేత రంగు. ఇక్కడ మామ వేలు పెట్టలేదు, రంగుతో నాకేం పని అన్నాడు, ఒకటి మాత్రం అడిగినాడు, కింద రెక్క మొదట్లో సన్నగా ఒక మరక పెట్టమని. ఏం మరక మామా అంటే లీకు అన్నాడు. పల్చని నల్ల రంగులో చీపురు పుల్ల ముంచి ఒక గీత లాగినా. చాలాసేపు చూసి ఇంకొంచెం వెనక్కి లాగు, గాలికి వెనక్కే పోతుంది అన్నాడు, లాగినా.

కొనాలా వద్దా అంటే, న్యాట్ కావాలనుకుంటే ధర ఎక్కువే గానీ పనికొస్తుంది, కాగితం వెనక వైపు చదవకండి. అజీత్ కావాలనుకునేవాళ్ళు పాత కార్డు ఒకటి, ఓపిక, వీలైతే రిటైరైన మామ ఒకరు ఉంటేనే తీసుకోండి. చిన్నపిల్లలకి మొదటి కిట్‌గా అయితే వద్దు, ఫ్లాష్ గీకే బ్లేడు పని ఎక్కువ.

అంగడాయనకి ఫోటోలు పెట్టి, చరిత్రలో తప్పులు కూడా రాసి మెసేజ్ చేసినా. తయారుచేసినోళ్ళకి పంపిస్తా సార్, పైలాన్లు వేరేగా దొరికితే కొరియర్ చేస్తా అన్నాడు. మూడు వారాలైంది. వస్తే దీనికిందే రాస్తా. విమానం మా టీవీ పక్కన ఉంది, మామ వచ్చిన ప్రతిసారీ తీసి తిరగేసి చూసి పెడతాడు, ముందర చక్రం ఇప్పటికే ఒకసారి ఊడింది.